ఇల్లు లేని ఇంటి సామాను: పిల్లలతో సాలార్‌జంగ్ మ్యూజియం

ప్రదర్శనశాలలను గురించి వ్రాసేవారు సాధారణంగా అందులోని వస్తువుల ఖరీదును, ప్రాచీనతను వర్ణిస్తారు. పిల్లల చెయ్యి పట్టుకొని వెళ్ళినవాడికి ఆ రెండూ తరువాతి మాటలే. పదేళ్ళ పిల్లవాడు మొదట అడిగేది, "ఇవన్నీ ఎవరివి? ఆయన ఎక్కడ పడుకునేవాడు?" అని. హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం అనేక ప్రశ్నలకు జవాబు చెబుతుంది గాని, ఈ ప్రశ్నకు మాత్రం చెప్పదు.

మేము మైలవరం నుంచి ఇబ్రహీంపట్నం వచ్చి బస్సెక్కిన వాళ్ళం. నా ఇద్దరు పిల్లలు, మా చెల్లెలి కూతురు వెంట ఉన్నారు. వాళ్ళు చూసిన రాజమందిరం ఒక్కటే, మా పొరుగున కొండపల్లి ఖిల్లాలోనిది. అక్కడ గోడలున్నాయి, వస్తువులు లేవు. ఇక్కడ వస్తువులున్నాయి, వాటి గోడలు లేవు.

ఈ మ్యూజియం మొదట ఒక ఇల్లు. మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో జన్మించాడు. 1912 నుంచి 1914 వరకు నిజాముకు దివానుగా ఉండి, ఆ పదవి విడిచిన తరువాత మిగిలిన జీవితమంతా వస్తు సేకరణలోనే గడిపాడు. అవివాహితుడు. 1949లో మరణించాడు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో సామానంతా ఇప్పటి భవనానికి తరలించారు. 40,000కు పైగా కళాఖండాలకు పాత దేవిడీ చాలదన్నది నిజమే. తరలింపును నేను తప్పుపట్టను. కాని ఒక మనిషి ఇంట్లో దంతపు కుర్చీ ప్రక్కన దీపం, దీపం ప్రక్కన పుస్తకం ఉంటాయి. గ్యాలరీలో కుర్చీలన్నీ ఒకచోట, దీపాలన్నీ మరొకచోట చేరాయి. చరిత్రకారుడికి ఇది సదుపాయం. పిల్లవాడికి మాత్రం అక్కడ మనిషి మాయమై అంగడి మిగిలింది. మా చిన్నవాడు రెండవ గదిలోనే "ఇది ఎంతకు అమ్ముతారు?" అని అడిగాడంటే తప్పు వాడిది కాదు.

గడియారం ముందు గంటకొకసారి జనం చేరతారు. కుక్ అండ్ కెల్వీ వారి ఆ గడియారంలో ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పెద్దలు దీనిని తేలికగా మాట్లాడతారు. నేను పిల్లలతో రెండుసార్లు చూశాను.

అసలు చర్చ 'ముసుగు రిబ్కా' దగ్గర వచ్చింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా యాత్రలో రోములో కొన్నాడు. రాతి ముసుగులోనుంచి ముఖం కనిపించేటట్లు చెక్కిన నేర్పుకు అందరూ ముగ్ధులవుతారు. ఎవరీ రిబ్కా? బైబిలు ఆదికాండం ప్రకారం హజ్రత్ ఇస్‌హాఖ్ (అ) గారి భార్య. దూరం నుంచి ఆయన రావడం చూసి ముసుగు వేసుకున్న ఘట్టమే ఈ శిల్పం. దివ్య ఖుర్ఆనులో ఇస్‌హాఖ్, యాఖూబ్ ప్రవక్తల ప్రస్తావన ఉంది, ఆమె పేరు లేదు. ఇది చెప్పగానే మేనకోడలు నిలదీసింది: "మామూ, అంటే ఇబ్రాహీం నబీగారి కోడలేనా? ఆమెకు బొమ్మ చెయ్యవచ్చా?"

చాలామంది తండ్రులు ఇక్కడ పిల్లల చెయ్యి లాగి ముందుకు నడుస్తారు, లేదా "ఏదో బొమ్మలే" అని దాటవేస్తారు. రెండూ సరికావు. ప్రవక్తల కుటుంబాలకు రూపం కల్పించడం మన సంప్రదాయం కాదని, చెక్కినవాడు వేరొక సంప్రదాయం వాడని, కొన్నవాడు మాత్రం ముస్లిం దివానేనని మూడూ చెప్పాను. మూడవది మింగడం కష్టం. అయినా అది దాచి చెప్పే చరిత్ర పిల్లలకు ఎందుకు?

ఆ తరువాత వ్రాతప్రతులు చూస్తే మాట తేటపడుతుంది. యాఖూత్ అల్ ముస్తాసిమీ పేర ఉన్న ఖుర్ఆన్ ప్రతి ఈ మ్యూజియం సంపదలో ఒకటి. ఆయన బాగ్దాదులో చివరి అబ్బాసీ ఖలీఫా ముస్తాసిం కొలువులోని లేఖకుడు. 1258లో మంగోలులు నగరాన్ని దోచుకుంటుంటే మీనారు ఎక్కి అక్షరాలు దిద్దుకుంటూ కూర్చున్నాడని ఒక కథ. కథ మాట ఎలా ఉన్నా, కలం పాళీని ఏటవాలుగా కోసి అక్షరానికి కొత్త నాజూకు తెచ్చాడన్నది లేఖన చరిత్రలో ప్రసిద్ధం. రూపం చెక్కని చేతులు నేర్పునంతా అక్షరంలో పెట్టాయి. రిబ్కాను చూసిన అరగంటలో దీనిని చూపితే ఉపన్యాసం అక్కరలేదు.

ఇంటి లోటు తీరాలంటే మరునాడు పురానీ హవేలీకి వెళ్ళాలి. 2000లో తెరిచిన నిజాం మ్యూజియం అక్కడ ఉంది. చిన్నదే. కాని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు ఆయన ఇంట్లోనే ఉన్నాయి. వాటి వరుస పొడవు 176 అడుగులు, రెండంతస్తులు. తొడిగిన దుస్తులు మళ్ళీ తొడిగేవాడు కాదంటారు. పెద్దవాడు ఆ చివరిదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి తిరిగి వచ్చి, "హజ్రత్ ఉమర్ (రజి) చొక్కాకు మాసికలుండేవని మదర్సాలో చెప్పారు కదా అబ్బా" అన్నాడు. నేను చెప్పవలసినది వాడే చెప్పాడు. ఇటువంటి మాట అద్దాల పెట్టెల ముందు రాలేదు.

కనుక వెళ్ళేవారు మొదట దివాన్ దేవిడీకి పోవాలని నా అభిప్రాయం. ద్వారాలు తప్ప అక్కడ పెద్దగా మిగలలేదు, చుట్టూ బట్టల దుకాణాలు. అయినా "ఆయన ఇక్కడ ఉండేవాడు" అని చూపడానికి ఒక ద్వారం చాలు. తరువాత మ్యూజియంలో నాలుగు గదులు చూడండి. అన్నీ చూస్తే పిల్లలకు కాళ్ళ నొప్పులే గుర్తుంటాయి.

ఇంటికి వచ్చిన వారంలో చిన్నవాడు బుడమేరు గట్టున రెల్లు కోసుకొచ్చి కొస ఏటవాలుగా చెక్కాడు. ఇప్పటికి 'అలిఫ్' కుదిరింది, 'బే' ఇంకా వంకరగానే వస్తున్నది.