చేతిగీత మీద నడిచే ఓడ

కమాన్‌పూర్‌లో రాత్రి బొగ్గు లారీల చప్పుడు కాస్త సద్దుమణిగాక నేను మళ్లీ మళ్లీ చూసే జపాన్ బొమ్మల సీరియల్ ‘కౌబాయ్ బీబాప్’. 1998లో మొదలైంది, 26 భాగాలు, దర్శకుడు షినిచిరో వతనబె. కథకన్నా ముందు నేను దండం పెట్టేది దాన్ని గీసిన చేతులకే. పెన్సిలు బొమ్మను పారదర్శకమైన రేకు మీదికి ఎక్కించి, రంగును రేకు వెనకవైపు పూసేవారు. అందుకే ముందున్న గీత చెదిరేది కాదు. విడిగా చిత్రించిన ఆకాశం మీద ఆ రేకును పరిచి, ఒక్కో ఫ్రేమునూ కెమెరాతో తీసేవారు. సెకనుకు 24 ఫ్రేములు; ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములు నిలిపి, ఆ కొద్ది గీతలతోనే కథానాయకుడు స్పైక్ నడకలోని బద్ధకాన్ని పట్టుకున్నారు. అతను తిరిగే అంతరిక్ష నౌక బీబాప్ ఒకప్పటి చేపల ఓడ. దాని గీతలు, సొట్టలు, మాసిన రంగు చూస్తే మా ఓపెన్‌కాస్ట్ గని డంపర్లే గుర్తొస్తాయి. మాంసం కొనే డబ్బుల్లేక స్పైక్ జతగాడు జెట్ వండిన ఉత్త క్యాప్సికం కూర, జీతానికి ముందు రోజులు తెలిసిన ప్రతి ఇంటికీ అర్థమవుతుంది. యోకో కన్నో సంగీతం దృశ్యానికి ఊపిరి పోస్తుంది. లోటూ ఉంది: స్పైక్ గతం కొద్ది భాగాల్లోనే కనిపిస్తుంది, అతను ప్రేమించిన జూలియా మనసు మనకు అందదు, అతని శత్రువు విషస్ పగకు వేరు దొరకదు. అయినా మనిషి అలసటను ఇంత నిజాయితీగా గీసిన చేతిపని అరుదు. పిల్లల బొమ్మలని పక్కన పెట్టకండి, ఒక్క భాగం నిదానంగా చూడండి.