అద్దం తేటపడే దారి

కారు హీటర్ చల్లగాలి కొడుతోందంటే, పని తెలిసిన మెకానిక్ ముందు చేత్తో తాకి చూస్తాడు. ఇంజన్‌ని బాగా కాగనిచ్చి, ఆపి, డాష్‌బోర్డు వెనక్కి వెళ్లే రెండు హోస్ పైపుల మీద చెయ్యి పెడతాడు. రెండూ వేడిగా ఉంటే కూలెంట్ సరిగానే తిరుగుతున్నట్టు, లోపం లోపల గాలిని మళ్లించే తలుపుల దగ్గర. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే హీటర్ కోర్ పూడిపోయిందనో, వాల్వ్ తెరుచుకోలేదనో అర్థం. రెండూ గోరువెచ్చగా ఉంటే కూలెంట్ తగ్గిందేమో, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి.

ఇంత తేలిగ్గా జాడ దొరకడానికి కారణం ఆ నిర్మాణమే. పెట్రోలు కారు హీటర్ తనంతట తాను వేడి పుట్టించదు. ఇంజన్ ఎలాగూ పారబోసే వేడిని కూలెంట్ మోసుకొస్తుంది. హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ మీదుగా బ్లోవర్ గాలి తోస్తుంది. 1938లో విస్కాన్సిన్‌లోని నాష్ కార్ల కంపెనీ బయటి గాలిని లోపలికి తీసుకుని, వడగట్టి, ఇలాగే కాచి పంపింది. ఇవాళ డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్‌లో, నోవైలో కార్ల పరిశ్రమని నమ్ముకుని బతుకుతున్న మన తెలుగు కుటుంబాలు జనవరి పొద్దున్నే స్టార్ట్ చేసే కార్లలోనూ చాలావరకు అదే దారి.

అద్దం మీది ఆవిరిది మరో లెక్క. దానికి వేడిగాలి ఒక్కటే చాలదు, పొడిగాలి కావాలి. అందుకే చాలా కార్లలో డీఫ్రాస్ట్ నొక్కగానే ఏసీ కూడా నడుస్తుంది. చలికాలంలో ఏసీ ఎందుకని ఆపేసేవాళ్లున్నారు, ఆపకూడదు. గాలి ముందు ఏసీలోని చల్లటి ఎవాపరేటర్ మీద తేమ వదిలి, తర్వాత హీటర్ కోర్ మీద కాగి, అద్దాన్ని చేరుతుంది. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంటే మన ఊపిరి తేమంతా మళ్లీ అద్దం మీదికే వస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా అద్దం మీద జిడ్డు పొర కట్టి, తియ్యటి వాసన వస్తూ, కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంటే హీటర్ కోర్ కారుతున్నట్టే.

నాకు అన్నిటికన్నా నచ్చే పనితనం పాత అమెరికన్ కార్లలో ఉంది. 1968 నుంచి అక్కడి ప్యాసింజర్ కార్లకి ముందు అద్దం డీఫ్రాస్ట్ ఉండి తీరాలని ఫెడరల్ ప్రమాణం 103 చెబుతుంది. ఆ కార్లలో చాలావాటికి గాలి తలుపుల్ని కదిపేది ఇంజన్ వాక్యూమ్. ఆ వాక్యూమ్ పోతే, స్ప్రింగులు తలుపుల్ని లాగేసి గాలినంతా అద్దం వైపే మళ్లిస్తాయి. కాళ్లకి చలేస్తే ఓర్చుకోవచ్చు, దారి కనపడకపోతే కుదరదు. తాను చేసిన వస్తువు పాడైన రోజున ఎలా ప్రవర్తించాలో కూడా ముందే నిర్ణయించి పెట్టాడు ఆ ఇంజనీర్. ఎత్తు ఎక్కుతుంటే గాలి దానంతటదే అద్దం వైపు మళ్లుతోందా? ముందు వాక్యూమ్ గొట్టంలో పగులూ, వాక్యూమ్‌ని నిలిపి ఉంచే చెక్ వాల్వూ చూడండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ వాక్యూమ్ పడిపోతుంది, దాచుకున్న వాక్యూమ్ ఆ లీకులోంచి జారిపోతుంది.

వెనక అద్దాన్ని వేడెక్కించే సన్నటి గీతల మరమ్మతుకి మాత్రం ఓపిక కావాలి. ఒక్క గీత తెగితే కంటికి కనపడదు. వోల్ట్‌మీటర్ మొనకి అల్యూమినియం రేకు చుట్టి, గీత గీసుకుపోకుండా వేలితో అదిమి, కరెంటు వచ్చే కొస నుంచి మెల్లగా జరుపుకుంటూ పోవాలి. బాగున్న గీత మీద 12 వోల్టులు క్రమంగా తగ్గుతూ మధ్యకొచ్చేసరికి సుమారు 6 అవుతాయి. తెగిన గీత మీద 12 దాదాపు అలాగే నిలబడి, ఒక్క చోట ఉన్నట్టుండి సున్నాకి పడుతుంది. తెగింది అక్కడే. పైనా కిందా టేపు అంటించి, ఆ సందులో వెండి కలిసిన వాహక పెయింటు సన్నగా పూసి, పూర్తిగా ఎండనివ్వాలి. ఆ తర్వాత మీటర్ పెడితే ఆ గీత మధ్యలో కూడా 6 చూపించాలి.