ఉప్పెన పటములు: వేగమూ, సత్యమూ

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమను అతలాకుతలము చేసినది. అట్టి ఉప్పెన ఏ ఊరిని ఎంత లోతున ముంచునో ముందుగా పటముపై చూపుటకు నేడు భౌగోళిక సమాచార వ్యవస్థతో పెక్కు కంప్యూటర్ల గణనశక్తిని జతచేయుచున్నారు. ఈ పద్ధతి గుణదోషములను పరిశీలింతము.

ముందు గుణము. సముద్రమును, నేలను గడులుగా విభజించి, కొన్ని గడులను ఒక్కొక్క గణన యంత్రమునకు అప్పగింతురు. నీరు హద్దులెరుగదు గనుక, ఇరుగుపొరుగు యంత్రములు తమ సరిహద్దు లెక్కలను అడుగడుగునా ఇచ్చిపుచ్చుకొనవలెను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉప్పెన హెచ్చరికలకు వాడు ఆడ్‌సర్క్ నమూనాను ఇట్లే పలు యంత్రములకు పంచి నడుపవచ్చును. ఇంత శ్రమ ఎందుకు? 2,000 చదరపు కిలోమీటర్ల నేలను 30 మీటర్ల గడులుగా కోసినచో సుమారు 22 లక్షల గడులగును. గడిని 10 మీటర్లకు తగ్గించిన, అవి 2 కోట్లగును. కాలమును కూడ మూడింతలు సన్నని అంగలుగా విభజింపవలసియుండును. అనగా పని 27 రెట్లు పెరుగును. తుపాను దాటిన పిమ్మట వచ్చు జవాబు ఎంత సరియైనదైనను నిష్ప్రయోజనమే గదా!

ఇక దోషము. ఇది యంత్రములది కాదు, మనము వానికి అందించు ఎత్తులది. పలువురు పరిశోధకులు వాడు ఎత్తుల పటము 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచినది. ఆ రాడార్ తరంగములు దట్టమైన తోటలలో నేలవరకు పూర్తిగా చేరవు. అందుచే కొబ్బరితోటల నడుమనున్న ఊరు ఉన్నదానికంటె ఎత్తుగా కనిపించి, పటముపై పొడిగా నిలుచును. చిన్న కాలువలు, గట్లు 30 మీటర్ల గడి సగటులో కలిసిపోవును. ఇట్టి తప్పును వేయి యంత్రములు సరిదిద్దజాలవు. త్వరగా ముద్రింపగలవు, అంతే. ఆ పటమును నమ్మి ఇల్లు వదలని కుటుంబమునకు కలుగు నష్టము ఊహింపుడు.

విమానము నుండి లేసరు కిరణములతో కొలిచినచో కొన్ని ఆకుల సందులనుండి నేలను తాకును గనుక ఈ దోషము చాలవరకు తగ్గును. గట్ల, మురుగుకాలువల ఎత్తులను లెవెలింగు పరికరముతో వేరుగా కొలిచి చేర్చవలెను. ఫలితములను గత వరదలతో సరిపోల్చవలెను. ఈ చివరి పనిలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ఉపాధ్యాయులు తోడ్పడగలరు: గోడలపై నిలిచిన వరద జాడల ఎత్తును, తేదీని, స్థలమును విద్యార్థులచే వ్రాయించి భద్రపరచినచో, ఏ పటమునైనను పరీక్షించుటకు అది గట్టి ఆధారమగును.