రాణి ఎటు కూర్చుంది?

వ్రతానికి దంపతులు పీటల మీద కూర్చోగానే ఒక్కోసారి పురోహితుడు ఆపి, "అమ్మా, మీరు ఇటు రండి" అని పక్కలు మార్పిస్తాడు. ఎవరు ఎటు కూర్చోవాలన్నది మనకు చిన్న విషయం కాదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండు సన్యాసులకూ కాదు.

వించెస్టర్‌లోని న్యూ మినిస్టర్ మఠంలో 1031లో తయారైన 'లీబర్ వీటే' అనే పుస్తకం ఉంది. మఠానికి ఆత్మీయులైనవాళ్ళ పేర్లు ఎక్కించుకునే పుస్తకం అది. అందులో ఒక బొమ్మ: కనూట్ రాజు, ఆయన రాణి ఎమ్మా కలిసి పెద్ద శిలువను మఠానికి సమర్పిస్తున్నారు. రాజు ఒక చేత్తో శిలువ పట్టుకున్నాడు, రెండో చెయ్యి కత్తి పిడి మీద ఉంది. పైన క్రీస్తు. ఆయన కుడివైపు మరియమ్మ, సరిగ్గా ఆమె కింద ఎమ్మా. రాజుకు దక్కింది ఎడమవైపు. క్రైస్తవంలో దేవుడి కుడిపక్క గౌరవస్థానం. దేవదూత రాజు తలమీద కిరీటం పెడుతుంటే, రాణి తలమీద మరో దేవదూత మేలిముసుగు వేస్తున్నాడు. పక్కన పేర్లు తప్ప మరో మాట రాయకుండానే చిత్రకారుడు చెప్పదలుచుకున్నది చెప్పేశాడు.

ఎమ్మా సంగతి కాస్త చెప్పాలి. నార్మండీ ఆడపడుచు. మొదటి భర్త ఎథెల్‌రెడ్ ఇంగ్లండు రాజు. ఆయన 1016లో పోయాక, ఆ దేశాన్ని గెలిచిన డెన్మార్క్‌వాడు కనూట్‌ను పెళ్ళాడింది. ఇద్దరు రాజులకు భార్య, ఇద్దరు రాజులకు తల్లి. 1041 ప్రాంతంలో ఫ్లాండర్స్ సన్యాసి ఒకరి చేత తన ఘనత రాయించుకుంది. అందులో మొదటి మొగుడి ఊసే లేదు! ఆ పుస్తకం మొదట్లోని బొమ్మలో ఎమ్మా కిరీటంతో సింహాసనం మీద కూర్చుంది, రచయిత మోకాళ్ళ మీద వంగి పుస్తకం అందిస్తున్నాడు. కొడుకులిద్దరూ ఒక పక్కనుంచి తొంగిచూస్తున్నారు. అప్పటికి ఒకడు రాజు, రెండోవాడు కాబోయే రాజు. బొమ్మలో మాత్రం వాళ్ళు తల్లి గదిలోకి వచ్చిన పిల్లల్లా ఉన్నారు.

ఇలాంటి బొమ్మలను ఇల్యూమినేషన్ అంటారు, వెలిగించడం అన్నమాట. పేరుకు తగ్గట్టే ఖరీదైన బొమ్మల్లో వెలుగంతా బంగారానిది. దూడతోలును గీకి పలచన చేసిన పుట మీద సుద్ద, జిగురు కలిపిన పూత కాస్త ఎత్తుగా వేస్తారు. నోటి ఆవిరి ఊది, ఆ చెమ్మ మీద బంగారు రేకు అతికిస్తారు. తర్వాత కుక్కపన్నుతోనో నున్నటి రాయితోనో రుద్దుతారు. తంజావూరు పటాలు చూసినవాళ్ళకు ఈ ఎత్తుపూత కొత్త కాదు. మేలైన నీలం కావాలంటే అఫ్గానిస్తాన్ కొండల నుంచి లాపిస్ లాజులి రాయి రావాలి. రాణి చుట్టూ ఈ రెండూ ధారపోశారంటే, డబ్బు ఎవరిదో, మాట ఎవరిదో తెలిసిపోతుంది.

ఆ బంగారం ధగధగలాడే పుట ఒకటి న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉంది. పారిస్‌లో తయారైన ఒక భారీ బొమ్మల బైబిలుకు అది చివరి పుట. పుస్తకంలో ఎక్కువ భాగం స్పెయిన్‌లో, టొలేడో కతెడ్రల్‌లో ఉండిపోయింది. పై గడుల్లో ఒక రాణి, ఒక కుర్ర రాజు ఎదురెదురుగా. ఫ్రాన్సు రాణి బ్లాంష్, ఆమె కొడుకు తొమ్మిదో లూయీ అని ఎక్కువమంది పండితులు గుర్తించారు. 1226లో తండ్రి పోయేసరికి లూయీకి పన్నెండేళ్ళు. పరాయి దేశపు ఆడది పాలించడమేమిటని ప్రభువులు తిరగబడ్డారు. బొమ్మలో ఆ గొడవ జాడే లేదు. వితంతువు తెల్లముసుగు, దానిపైన కిరీటం. రాజు చేతిలో రాజదండం ఉంది, తల్లి చేతులు అతనివైపు లేచి ఉన్నాయి. ఏదో చెబుతోంది, అతను వింటున్నాడు. కింది గడుల్లో ఒక మతగురువు చెబుతుంటే ఒక పనివాడు పుట తయారుచేస్తున్నాడు. పైనా కిందా ఒకరు చెప్పడం, ఒకరు చెయ్యడం. నాకు ఈ పుటలో అన్నిటికన్నా నచ్చింది ఈ జతకట్టడమే.

ఈ బొమ్మలను ఫోటోల్లా చూడకూడదు. ఇవి వాదనలు. బయట రాణి పీఠం ఎంత కదులుతుంటే, బొమ్మలో ఆమె అంత కదలకుండా కూర్చుంటుంది.

అందుకే ఓడిపోయిన రాణుల బొమ్మలకు భద్రత ఉండదు. దీనికి యూరప్ దాకా వెళ్ళక్కర్లేదు. 1565లో విజయనగరాన్ని కూల్చిన యుద్ధంలో గెలిచిన సుల్తానుల్లో అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా ఒకడు. అతని ఘనత చెప్పే పార్సీ కావ్యం 'తారీఫ్-ఎ-హుసేన్ షాహీ' ప్రతి ఒకటి పుణేలోని భారత ఇతిహాస సంశోధక మండలంలో ఉంది. అందులో రాణి ఖుంజా హుమాయూన్‌ను సుల్తాను సరసన, సింహాసనం మీదే చిత్రించారు. అంతఃపురం దాటని రాణులను ఇలా చూపడం అరుదు. అదే ఏడు హుసేన్ చనిపోయాడు. చిన్నవాడైన కొడుకు పేరుతో ఆమె రాజ్యమేలింది. కొన్నేళ్ళకు ఆ కొడుకే ఆమెను బంధించాడు. తర్వాత ఎవరో ఆ పుస్తకం తెరిచి, చాలా పుటల్లో ఆమె రూపం మీద రంగు పులిమేశారు. సుల్తాను బొమ్మ జోలికి మాత్రం పోలేదు. ఆయన ఇప్పటికీ ఆ మరక పక్కనే కూర్చుని ఉన్నాడు.