రెండంగుళాలు తక్కువైన తాడు

భాగవతం దశమ స్కంధంలో యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టేసే ఘట్టాన్ని వాత్సల్యానికి పరాకాష్ఠ అంటారు మన విమర్శకులు. భక్తులకది లీల. ఆ రెండు మాటల్నీ కాసేపు పక్కన పెట్టి, దాన్ని ఒక పసివాడి పేచీగా, ఆ పేచీని ఒంటరిగా ఎదుర్కొన్న ఆడమనిషి పనిదినంగా చదవాలని నాకు చాలాకాలంగా ఉంది.

కథ మనందరికీ తెలిసిందే. ఇంట్లో పనివాళ్ళు వేరే పనుల్లో ఉన్నారు. యశోద తనే పెరుగు చిలుకుతోంది. పిల్లవాడు పాల కోసం వచ్చి కవ్వం పట్టుకుని ఆపేశాడు. ఒళ్ళోకి తీసుకుని పాలిస్తోంటే పొయ్యి మీద పాలు పొంగాయి. కడుపు నిండని బిడ్డని కింద దించి పరిగెత్తింది. వాడికి కోపమొచ్చింది. పెదవి కొరుక్కుని, రాతితో కుండ పగలగొట్టి, చాటుకి పోయి వెన్న తిన్నాడు.

ఈ ఘట్టం పాఠం చెప్తుంటే, రెండేళ్ళ పిల్ల తల్లి అయిన ఒక విద్యార్థిని అడిగింది: "ఇంతకీ ఆ పాలు దక్కాయా మేడమ్?" క్లాసంతా నవ్వింది. కానీ ఈ కథకి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. పాలు దక్కాయి. మూలంలో ఆమె పాలు దించే వచ్చింది. పాలు దక్కించుకుంటే కుండ పోయింది. బిడ్డని పట్టుకుని కూర్చుంటే పాలు పోయేవి. ఏదో ఒకటి పోక తప్పని చోట ఆమెని నిలబెట్టి, మనం దాన్ని వాత్సల్యం అంటున్నాం.

ఈ పేచీలో మాయ ఏమీ లేదు. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకి కోరికలు ఎక్కువ, వాటిని చెప్పుకోవడానికి మాటలు తక్కువ. వచ్చిన కోపాన్ని ఆపుకునే శక్తి మెదడులో ఇంకా తయారవుతూనే ఉంటుంది. దానికి ఆకలో, నిద్రో, చేస్తున్న పని మధ్యలో ఆగిపోవడమో తోడైతే చాలు. మైకేల్ పోటేగల్, రిచర్డ్ డేవిడ్‌సన్‌లు 2003లో ప్రచురించిన పరిశోధనలో 335 మంది పిల్లల పేచీలను పరిశీలించారు. వాటిలో నూటికి 75 అయిదు నిమిషాలకు మించలేదు. కాళ్ళు తన్నడం, కేకలు, విసరడం లాంటి కోపం మొదట్లోనే ఉవ్వెత్తున లేచి తగ్గుతుంది. దుఃఖం చివరిదాకా ఉంటుంది. ఆ దుఃఖంలోనే బిడ్డ ఒళ్ళో చోటు వెతుక్కుంటాడు. భాగవత కవి చూపించిన వరస కూడా ఇంచుమించు ఇదే. ముందు కుండ పగిలింది, తర్వాత కాటుక కళ్ళు నలుపుకుంటూ ఏడుపు. ఇంత సూక్ష్మంగా పిల్లల్ని గమనించిన కవిని మెచ్చుకోకుండా ఉండలేం.

అయితే సంస్కృత మూలం కుండ పగలగొట్టినప్పటి కన్నీళ్ళని దొంగ కన్నీళ్ళంటుంది. నా పేచీ అక్కడ. దేవుడు కాబట్టి అవి నటన అని వ్యాఖ్యాతలు సర్ది చెప్పవచ్చు. కానీ "దొంగ ఏడుపు" అన్న మాట మన ఇళ్ళలో దేవుళ్ళకి వాడం. మాట రాని పిల్లలకీ, మాట చెల్లని ఆడవాళ్ళకీ వాడతాం. ఏడుపుని దొంగదని తేల్చేస్తే కారణం వెతికే పని తప్పుతుంది. మంకు, మారాం, మొండి, పెంకి అని మనకెన్ని మాటలున్నాయో చూడండి. అన్నీ బిడ్డ స్వభావం మీద తీర్పులే. ఆ క్షణంలో బిడ్డ పడే బాధకి మాత్రం వాటిలో చోటు లేదు.

పోతన యశోద నాకు మూలంలోని యశోద కంటే దగ్గరి మనిషి. కొడుకుని గౌరవవాచకాలతో పిలుస్తూ ఆమె ఆడే వెటకారం అచ్చం మన ఇళ్ళలో అలిసిపోయిన అమ్మ గొంతు. అంతకుముందు ఆమె మనసులో పోతన ఒక నీతి పెడతాడు: గారం చేస్తే దోషాలొస్తాయి, కొడితే గుణాలొస్తాయి. అది ఆమె అనుభవంలోంచి పుట్టిన ఆలోచన కాదు. సంస్కృత నీతిశ్లోకాల నుంచి వచ్చిన మగ పెద్దల మాట. కర్ర అయితే పట్టుకుంది కానీ బిడ్డ భయం చూశాక కొట్టలేకపోయింది. తలలో నీతి ఒకటి చెప్తే చేతులు ఇంకొకటి చేశాయి. ఆ చేతుల తెలివిని మన విమర్శ జాలి అనేసి ఊరుకుంది.

కొట్టలేదు సరే, కట్టింది. ఎందుకంటే ఆమెకింకా పనుంది. కట్టేశాక ఇంటి పనుల్లో పడిందని భాగవతమే చెప్తుంది. నిర్మాణాల దగ్గర బిడ్డ కాలికి తాడు కట్టి, రెండో కొస రాయికి కట్టి ఇటుకలు మోసే తల్లులు ఈ దేశంలో ఉన్నారు. 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే నిర్మాణాల దగ్గర పిల్లలకి గది ఉండాలని 1996 నాటి చట్టం అంది. 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణ అంది. అయిదుగురు కూలీలున్న చోటికీ, వంటింటికీ ఆ చట్టాలు రాలేదు. "పిల్లల్ని కొట్టకండి, స్వేచ్ఛ ఇవ్వండి" అని 'బిడ్డల శిక్షణ'లో చలం గట్టిగా చెప్పాడు. ఆ మాట నాకిష్టం. కానీ ఆ స్వేచ్ఛకి కావలసిన సమయం ఎవరి పనిలోంచి తీయాలో కూడా మనం అడగాలి.

తర్వాత మద్దిచెట్లు కూలాయి. ఆ చప్పుడుకి నందుడు వచ్చాడు. రోలు ఈడుస్తున్న కొడుకుని చూసి నవ్వుతూ కట్లు విప్పాడు. పొద్దుటినుంచీ లేని తండ్రికి విప్పే పని దక్కింది, ఉన్న తల్లికి కట్టిన చెడ్డపేరు మిగిలింది!

ఇక ఈ కోపమే ఆడపిల్లకి వస్తే? కొడుకు కుండ పగలగొడితే లీల. కూతురు పగలగొడితే "రాక్షసి, రేపు అత్తారింట్లో ఎలా బతుకుతుంది?" మోలీ బాంగ్ అనే అమెరికన్ రచయిత్రి 1999లో వేసిన బొమ్మల పుస్తకంలో సోఫీ అనే పిల్ల ఆటబొమ్మ దగ్గర అక్కతో గొడవపడి, కోపంతో భగభగ మండిపోతుంది. బయటికి పరిగెత్తి, ఏడ్చి, చెట్టెక్కి సముద్రాన్ని చూసి, చల్లబడి ఇంటికొస్తుంది. ఇంట్లో అందరూ సంతోషంగా కలుపుకుంటారు. శిక్ష లేదు, నీతి లేదు. కోపగించిన ఆడపిల్ల అలా తిరిగొచ్చే ఇల్లు మన పిల్లల కథల్లో ఎన్ని ఉన్నాయి?

పేచీకి మంత్రం లేదు. ఉన్నది కొద్దిపాటి ఎరుక. కోపం పైన ఉన్నప్పుడు ప్రశ్నలూ ఉపన్యాసాలూ దాన్ని పెంచుతాయి. దెబ్బ తగిలేవి తీసేసి, మాట్లాడకుండా దగ్గర్లో ఉంటే చాలు. అడిగింది కుదరదంటే కుదరదనే ఉండాలి. ఏడుపు మెత్తబడి బిడ్డ చేతులు చాచినప్పుడు ఎత్తుకోవడం లొంగిపోవడం కాదు. "పాలు తాగుతుంటే దించేశాను, కోపమొచ్చింది కదూ" అని ఆ కోపానికో పేరు పెడితే, రేపు వాడే ఆ మాట అంటాడు. తనని తాను గాయపరచుకున్నా, ఊపిరి బిగబట్టి నీలంగా మారినా డాక్టరుకి చూపించాలి. ఊపిరి బిగబట్టడం వెనక కొన్నిసార్లు రక్తహీనత ఉంటుంది.

వీటిలో ఏది చెయ్యాలన్నా ఆ అయిదు నిమిషాలు పొయ్యి దగ్గర ఇంకో మనిషి ఉండాలి. యశోద తెచ్చిన ప్రతి తాడూ రెండంగుళాలు తక్కువైంది. ఒకటి భక్తుడి ప్రయత్నం, రెండోది భగవంతుడి దయ అని వ్యాఖ్యానాలు చెప్తాయి. చెమటలు కారుతూ, జడలో పూలు రాలుతూ ఆమె ఒక్కతే తాడు మీద తాడు ముడివేస్తోంటే, దయ చూపాల్సిన బాధ్యత కొడుక్కే వదిలేశారు. అలిసిపోయిన తల్లి మీద జాలిపడి బిడ్డే కట్టుబడ్డాడు. ఆ ఊళ్ళో అంతమంది పెద్దవాళ్ళుండగా ఆ పని పసివాడికి మిగలడమే ఈ కథలో నన్ను బాధపెట్టేది.