కాగిన డప్పు, కరెంటు దరువు

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. కంచుమేళం, కంచుతాళం కళాకారుడిగా ఆయన పేరు దేశమంతటికీ తెలిసింది అప్పుడే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కోయగూడేలకు మాత్రం ఆయన ఏనాటి నుంచో తెలిసినవాడు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ, ఇలవేల్పుల పుట్టుపూర్వోత్తరాలు కోయభాషలోనూ తెలుగులోనూ డోలి వాయిస్తూ పాడగలిగిన అతి కొద్దిమంది డోలి కోయల్లో ఆయన ఒకరు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన గొంతును పరిశోధకులు కొంతైనా రికార్డు చేసి ఉంచడం మన అదృష్టం.

అలాంటి రికార్డు నుంచి డోలి దెబ్బలను విడదీసి ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లోకి ఎక్కించడం ఈరోజుల్లో ఒక పూట పని. డప్పు దెబ్బలు ప్యాడ్ ఎక్కి చాలాకాలమైంది. మా కొత్తగూడెంలో పెళ్లికి ఆర్కెస్ట్రా వస్తే ఆక్టోప్యాడ్ తప్పకుండా ఉంటుంది. చాలా గుళ్లలో హారతి వేళకు పూజారి స్విచ్ వేయగానే మోటారు తిరిగి డోలు, గంట, తాళం ఒకేసారి మోగుతాయి. వినాయకుణ్ణి సాగనంపే రోజున డీజే బండి వెనక కుర్రాళ్లు ఆడుతుంటే ఆ స్పీకర్లలోంచి వచ్చేది కూడా చాలాసార్లు డప్పు దరువే. డప్పు కొట్టేవాడు మాత్రం అక్కడ ఉండడు.

తోలు వాద్యం చేసే పని ఏమిటి, కరెంటు వాద్యం చేసే పని ఏమిటి అన్నది చేతిపని దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. డప్పుతో మొదలుపెడదాం.

చెక్కముక్కలను వంపుగా చెక్కి, ఒకదానికొకటి అతికి గుండ్రటి చట్రం చేస్తారు. మేకతోలును సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుక తీసి, పచ్చిగా ఉండగానే చట్రం మీద లాగుతారు. అతకడానికి చింతగింజల జిగురు వాడతారు. అంచుల్లో రంధ్రాలు పొడిచి తోలువార్లతో వెనకవైపు బిగించి ఎండబెడతారు. ఎండుతూ ఎండుతూ తోలు తనంతట తానే బిగుసుకుంటుంది. ఇక వాయించే ముందు గడ్డో, తాటాకులో, కాగితాలో పోగేసి మంట వేస్తారు. డప్పును ఆ మంటకు చూపిస్తూ తిప్పుతారు. ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే తోలు మాడి చిట్లుతుంది, తొందరపడితే సగం కాగి సగం మెత్తగా ఉండిపోతుంది. మధ్యమధ్యలో వేలితో మీటి చూస్తారు. మొదట 'దబ్'మన్న తోలు 'ఖంగు'మనే దాకా కాచాలి. ఆ ఖంగుమనడం ఎప్పుడు వచ్చిందో చెప్పే గడియారం లేదు, చెవే చెప్పాలి.

వాయించేటప్పుడు కుడిచేతిలో సిర్ర ఉంటుంది, పొట్టిగా, కాస్త లావుగా. ఎడమచెయ్యి డప్పు పైఅంచును పట్టుకునే ఉంటుంది, ఆ చేతివేళ్ల మధ్యే పొడవాటి సన్నటి సిటికెన పుల్ల. సిర్ర మోత ఇస్తుంది, సిటికెన పుల్ల ఆ మోతల మధ్య ఖాళీలను సన్నటి చిటపటలతో నింపుతుంది. తోలు నడుమ తగిలితే ఒక చప్పుడు, అంచుకు దగ్గరగా తగిలితే ఇంకొకటి, పుల్ల పడుకోబెట్టి కొడితే మరొకటి. ఎడమ అరచెయ్యి అంచు మీద ఎంత ఒత్తితే మోత అంత తొందరగా ఆగుతుంది. ఇవన్నీ కలిస్తేనే దరువు. పెళ్లి దరువు వేరు, సావు దరువు వేరు, బోనాల దరువు వేరు. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు ఇంట్లో కూర్చునే ఏ దరువు పడిందో చెప్పగలుగుతారు, దాన్నిబట్టి బయటికి వస్తారు.

వానాకాలంలో ముసురు పడితే తోలు తేమ పీల్చుకుంటుంది. బరువెక్కుతుంది, బిగువు సడలుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. అందుకే ఆటకు ఆటకు మధ్య మళ్లీ మంట. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు ఇబ్బంది ఇంకో రకం, తోలు అతిగా బిగుసుకుని పగిలిపోతుంది. డప్పు వాయించేవాడు ప్రతి పూటా వాతావరణంతో బేరమాడుకోవాలి. ఫైబర్ డప్పు ఈ బాధ తీర్చింది. సన్నటి ప్లాస్టిక్ పొర, చుట్టూ బోల్టులు, మంట అక్కర్లేదు, వానకు భయం లేదు. ఇవాళ చాలా బృందాలు దాన్నే పట్టుకుంటున్నాయి, వాళ్లను తప్పు పట్టలేం. దాని చప్పుడు గట్టిగానే ఉంటుంది కానీ ఒకే తీరుగా ఉంటుంది. తోలు డప్పు కాగిన కొద్దిసేపటికి ఒక గొంతు, చల్లారే వేళకు ఇంకో గొంతు పలుకుతుంది. ఆ తేడా తెలిసి వాయించడం ఒక విద్య.

ఈ చప్పుడు ఒక స్వరంలా ఎందుకు పలకదో భౌతికశాస్త్రం చెబుతుంది. తీగ మీటితే దాని ఉపస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా లెక్కకు సరిపోతాయి, అందుకే తియ్యగా ఉంటుంది. గుండ్రంగా బిగించిన తోలు అలా కాదు. మూలస్వరం 1 అనుకుంటే తర్వాతివి సుమారు 1.59, 2.14, 2.30 రెట్లుగా వస్తాయి. లెక్క కుదరని ఈ స్వరాలన్నీ ఒకేసారి గుప్పుమనడం వల్లనే డప్పుకు ఆ మోత. మృదంగం, తబలాల తోలు నడుమ నల్లటి పూత వేసి ఈ లెక్కను సరిచేశారు మన పూర్వులు. ఆ పూత వల్ల ఉపస్వరాలు తీగ ఉపస్వరాల్లా వరుసలోకి వస్తాయని 1920లో 'నేచర్' పత్రికలో రాసినవారు సి.వి. రామన్, ఆయన సహచరుడు శివకాళి కుమార్. రామన్ చిన్నతనం, తొలి చదువు విశాఖపట్నంలోనే. వాద్యాలు చేసే కులాల చేతిలో ఉన్న ఈ నేర్పు అంతర్జాతీయ శాస్త్రపత్రికకు ఎక్కడానికి ఆయన చెవి కావలసివచ్చింది.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. రోలాండ్ సంస్థ 1985లో మొదటి ఆక్టోప్యాడ్ తెచ్చింది. ఎనిమిది రబ్బరు గడులు, ఒక్కొక్కదాని కింద దెబ్బను పసిగట్టే సెన్సర్. దెబ్బ ఎంత గట్టిగా పడిందో అది అంకెగా మారుస్తుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలకు 1983లో వచ్చిన మిడి ప్రమాణం ప్రకారం ఆ అంకె 1 నుంచి 127 లోపు ఉంటుంది. ఇప్పటి ప్యాడ్లలో ఆ అంకెను బట్టి లోపల దాచిన చప్పుళ్లలో ఒకదాన్ని యంత్రం బయటికి వదులుతుంది. మంచి ప్యాడ్‌లో ఒకే దెబ్బకు మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టిన రికార్డులు వేరువేరుగా ఉంటాయి. ఎడమ అరచేతి ఒత్తిడి, పుల్ల వాలు, తోలు ఎంత కాగింది అన్నవి సాధారణ ప్యాడ్ లెక్కలోకి రావు. అందుకే ఒక్క దెబ్బ విన్నప్పుడు అచ్చం డప్పే అనిపిస్తుంది, కాసేపు వరుసగా వింటే చెవికి విసుగొస్తుంది.

ఇదే చర్చ ప్రపంచానికి అవతలి కొసన ఇంకో వాద్యం మీద నడుస్తోంది, ఆ కథకు మనతో సంబంధం కూడా ఉంది. కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్‌లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి వాయించే తోలు డ్రమ్ములను బ్రిటిష్ పాలకులు 1880లలో నిషేధించారు. అప్పుడు వాళ్లు వెదురుబొంగులను నేలకేసి కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కట్ డబ్బాలు, చివరికి నూనెపీపాలు వాళ్ల వాద్యాలయ్యాయి. ఎలీ మానెట్ వంటివాళ్లు 1940లలో పీపా అడుగును సుత్తితో గిన్నెలా లోతుకు దించి, అందులో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు తీర్చిదిద్దారు. అదే స్టీల్‌పాన్. 1992లో అది ట్రినిడాడ్ జాతీయ వాద్యమైంది. ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా 2023లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. తోలును నిషేధిస్తే ఇనుము పాడింది. అదే ప్రాంతానికి మద్రాసు రేవు నుంచి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన తమిళులు, తెలుగువాళ్లు తమ డప్పును, అంటే తప్పెటను కూడా వెంట తీసుకుపోయారు. గయానా, ట్రినిడాడ్‌లలోని కాళీ గుళ్లలో 'తప్పు' పేరుతో అది ఈనాటికీ మోగుతోంది, అక్కడా దాన్ని మంటకు కాచే వాయిస్తారు.

పాన్ చేసేవాడి నేర్పు అంతా శ్రుతి చేయడంలో ఉంది. ఒక స్వరం చోటును సుత్తితో కొట్టి సరిచేసేటప్పుడు మూలస్వరంతో పాటు దాని రెండింతల ఉపస్వరం కూడా సరిగ్గా కుదిరేలా చూస్తాడు. ఒక చోట కొడితే పక్క స్వరాలు కూడా సన్నగా కంపిస్తాయి, పాన్ గొంతులోని మెరుపుకు అదొక కారణం. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం సెయింట్ అగస్టిన్ శాఖలో బ్రయన్ కోప్‌లాండ్ బృందం 'ఫై' అనే ఎలక్ట్రానిక్ పాన్ చేసింది. గిన్నె ఆకారం, స్వరాల అమరిక, చేతిలో పుల్లలు అన్నీ పాన్‌వే, చప్పుడు మాత్రం కంప్యూటరుది. ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేయవచ్చు, కొత్త గొంతులు ఎక్కించుకోవచ్చు. నన్ను ఆకట్టుకున్నది వాళ్ల పట్టుదల. తమ వాద్యానికి ఎలక్ట్రానిక్ రూపం వేరే దేశం కంపెనీ చేసేదాకా చూడకుండా తమ ఊళ్లోనే, పాన్ వాయించేవాళ్లకు అలవాటైన ఆకారంలోనే చేసుకున్నారు. మన డప్పు, డోలి మాత్రం ఎవరో చేసిన ఎనిమిది గడుల్లో ఒక మూల సర్దుకున్నాయి.

కరెంటు వాద్యం మన సంగీతానికి శత్రువని నేను అనను. బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ 1979లో మొదలుపెట్టిన ర్యాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబూరా తేవడంతో ఎన్ని తెలుగు ఇళ్లలో పిల్లలు శ్రుతి పట్టుకుని సాధన చేశారో లెక్కలేదు. తంబూరా కొనే స్తోమత, దాన్ని శ్రుతి చేసే నేర్పు లేని ఇళ్లకు అది సంగీతాన్ని తెచ్చింది. సింగరేణి క్వార్టర్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తండ్రి పక్క గదిలో పడుకుని ఉండగా దరువు నేర్చుకోవాలనుకునే పిల్లవాడికి ప్యాడ్, హెడ్‌ఫోన్ మంచి సాయం. రికార్డింగు గదిలో, సినిమా పాటలో, తోలు దొరకని అమెరికా తెలుగు సంఘాల వేడుకల్లో దాని అవసరం ఉంది.

అయితే కోయల కొమ్ముకోయ ఆటను దగ్గర నుంచి చూసినవాళ్లకు ప్యాడ్ ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. మగవాళ్లు అడవిదున్న కొమ్ముల తలపాగాలతో, మెడకు పెద్ద డోళ్లతో దిగుతారు. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరుసగా అడుగులు వేస్తారు. డోలు వాయించేవాడే ఆడేవాడు కూడా. అతను ఒంగితే దరువు ఒంగుతుంది, తిరిగితే వరుస తిరుగుతుంది. అడుగు మార్చాలనుకున్నప్పుడు దరువులో చిన్న మెలిక వేస్తాడు, ఆ మెలిక విని వరుసంతా ఒక్కసారిగా దిక్కు మారుతుంది. అలసిన వరుసను చూసి వేగం తగ్గిస్తాడు, ఊపు వచ్చినప్పుడు పెంచుతాడు. స్టాండు మీద నిలబెట్టిన ప్యాడ్ ఈ పని చేయలేదు, ముందే రికార్డు చేసిన పాట అసలే చేయలేదు. డోలి కోయల దగ్గర ఇంకో మెట్టు పైన. అక్కడ డోలి కథకు ఊపిరి. గొంతు ఆగినచోట డోలి, డోలి ఆగినచోట తూతకొమ్ము అనే బూర. వేల్పుల కథను బొమ్మలుగా గీసిన పడిగె గుడ్డ మీద ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలవాలో, ఏ వేల్పు పేరు దగ్గర దరువు మార్చాలో ఆ వంశానికి తెలుసు. దెబ్బలు ప్యాడ్‌లోకి ఎక్కించినా ఈ తెలివిడి ఎక్కదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తోలు వాద్యం గురించి మురిసిపోతూ రాసేవాళ్లం దాని వెనక ఉన్న వెట్టిని మరిచిపోతుంటాం. సావుకు, దండోరాకు డప్పు కొట్టడం మాదిగ ఇళ్ల మీద ఊరు మోపిన చాకిరీ. ఇంత గింజో, ఆ గింజ కూడా లేకుండానో చేయించుకున్న పని. ఎన్నో కుటుంబాలు డప్పును అటకెక్కించడం ఆత్మగౌరవం కోసమే. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును మెడలో వేసుకుని హక్కుల కోసం వీధిలోకి వచ్చింది, తెలంగాణ ఉద్యమంలోనూ ధూంధాం వేదికల మీద అది మోగింది. కాబట్టి డప్పు నిలవాలంటే కొట్టేవాడి ఇష్టంతో, తగిన కూలితో, అడిగే మర్యాదతో నిలవాలి. వెట్టికి బదులు మోటారు వస్తే నాకు బాధ లేదు. డబ్బిచ్చి పిలవాల్సిన చోట మిగుల్చుకోవడానికి మోటారు పెడితేనే బాధ. గుడికి తరతరాలుగా మంగళవాద్యం వాయించిన నాయీబ్రాహ్మణ కుటుంబం పక్కవీధిలోనే ఉండగా మోటారు డోలు మోగించడం ఆ కోవలోదే.

డీజే విషయంలో నాకు మొహమాటం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లకు మామూలుగా అనుమతి లేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఆంక్షలు మంచివే, డప్పు కొట్టేవాళ్లు కూడా రాత్రివేళ వాటిని పాటించాలి. డీజే తీసేసిన చోట ఊరేగింపుకు చప్పుడు కావాలి కదా, అప్పుడు పిలవాల్సింది మన బృందాలనే.

ఇక చేయవలసిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కాదు. డోలి కోయల దరువులను, మన పల్లెల్లోని డప్పు దరువులను తోలు కాగిన స్థితిలో, కొట్టేవాళ్ల పేర్లతో, ఏ సందర్భానికి ఏ దరువో వివరంగా రికార్డు చేయాలి. అవి ప్యాడ్ల కంపెనీలకో, సినిమా సంగీతానికో వెళ్తే ఆ కుటుంబాలకు వాటా రావాలి. భద్రాచలం ఐటీడీఏ, సాంస్కృతిక శాఖ కలిస్తే ఇది జరిగే పనే. మన వంతు ఇంకా చిన్నది. మీ ఇంట్లో పెళ్లో, ఊళ్లో కొలుపో జరిగినప్పుడు ఆర్కెస్ట్రాకు బయానా ఇచ్చే రోజునే డప్పు బృందానికీ, డోలి బృందానికీ బయానా ఇవ్వండి. వాళ్లు అడిగినంత ఇవ్వండి, మంట వేసుకోవడానికి కాస్త చోటు చూపించండి.