బండెక్కినవాళ్లూ, ఇంట్లో ఉన్నవాళ్లూ

మా పెద్దవాడికి మోటారు సైకిళ్ల పిచ్చి. మొన్న సెలవులకొచ్చి, "అమ్మా, ఇది చూడకపోతే సినిమా చూసినట్టే కాదు" అంటూ 'ఈజీ రైడర్' పెట్టాడు. డెన్నిస్ హాపర్ 1969లో తీసిన అమెరికా సినిమా. ఇద్దరు కుర్రాళ్లు మత్తుమందు అమ్మిన డబ్బు పెట్రోలు ట్యాంకులో దాచుకుని, చేతి గడియారం విసిరి పారేసి, దేశం మీద పడతారు. చివరికి నడిరోడ్డు మీద ఎవరో దారినపోయేవాడి తుపాకీకి బలవుతారు.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తున్న మా వదిన, "వీళ్లకు అమ్మా నాయినా ఎవరూ ల్యారా?" అంది. మావాడు పకపకా నవ్వాడు. నవ్వుతాడేం? 1953లో 'ది వైల్డ్ వన్'లో మార్లన్ బ్రాండో తోలు కోటు తొడిగినప్పటినుంచీ ఈ జాతి హీరోలకు ఇల్లనేది తెరమీద కనపడదు. కనపడితే కథ ముందుకు నడవదు మరి!

చట్టాన్ని లెక్కచెయ్యని హీరోలు మన అనంతపురానికేం తక్కువ? వాళ్లకు మోటారు సైకిలు, మనకు సుమో. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచీ సీమంటే కత్తులూ బాంబులే అయ్యాయి. హైదరాబాదు చుట్టాలు మా ఇంటికి రావడానికి జంకేవాళ్లు. ఇక్కడ వాన కురవదనీ, వేరుశనగ ఎండిపోతే పిల్లాపాపలతో జనం బెంగుళూరు బస్సెక్కుతారనీ ఆ సినిమాల్లో ఎంత వెతికినా దొరకదు. ఆ రోడ్డున పోయేవాళ్లెవరూ గడియారం విసిరెయ్యరు లెండి.

ఆ వరసలో నన్ను గుచ్చుకున్నది రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర'. పరిటాల రవి, మద్దెలచెరువు సూరిల కథే, పేర్లు మార్చి 2010లో రెండు భాగాలుగా తీశారు. రెండో భాగంలో టీవీలో బాంబు పేలి సూర్య ఇంట్లోవాళ్లు పోతారు. 1993లో మన జిల్లాలో నిజంగా జరిగిందే. అమెరికా సినిమాలో చచ్చేది రోడ్డెక్కినవాడు. ఇక్కడ చచ్చింది టీవీ ముందు కూర్చున్నవాళ్లు. అంత ఘోరం చూపించిన దర్శకుడు ఆ ఇంట్లో రెండు నిమిషాలు నిలబడి ఉంటే ఏం పోయేది? చప్పున సూర్య మొహం మీదికి వెళ్లిపోయాడు. పగే ఆయనకు కథ. రాధికా ఆప్టే, ప్రియమణి, ఇద్దరూ నటన తెలిసినవాళ్లే. ఒకరు ప్రతాప్ భార్య, ఒకరు సూర్య భార్య. ఉన్నకాసేపూ వాళ్ల కళ్లలో భయం కనపడుతుంది గానీ, ఆ భయంతో ఇల్లెలా నడిపారో కనపడదు. రెండో భాగం విడుదలైన నెల్లాళ్లకే, 2011 జనవరిలో, సూరి హైదరాబాదులో హత్యకు గురయ్యాడు. తెరమీద అయిపోయిన కథ బయట అవలేదన్నమాట.

2018లో త్రివిక్రమ్ 'అరవింద సమేత'లో కాస్త ఆగి ఇంట్లోకి తొంగిచూశాడు. సుప్రియా పాఠక్ వేసిన జేజి, ఈశ్వరీరావు వేసిన బసిరెడ్డి భార్య నాకిప్పటికీ గుర్తే. మావాణ్ణి అడిగాను, "అది చూశావట్రా?" అని.

"ఓ! మొదటి ఫైటు అదిరిపోయింది కదమ్మా!"

"మరి జేజి?"

"జేజి ఎవరు?"

మా వదిన చిక్కుడుకాయల చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.